మూడేస్తే ఒకటి పడిన స్కూటర్

ఒక స్క్రూడ్రైవరు, ఒక పట్టకారు, అర సీసా కిరసనాయిలు, వీటికి తోడు నా తెలివి. ఈ నాలుగూ ఒకచోట చేరితే ఒక్క పగటిపూటలో ఎంత విధ్వంసం జరగవచ్చో ఈ కాగితాల మీద పెడుతున్నాను. చదివి నవ్వేవాళ్ళు నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. కరీం ఉస్తాద్ అనే ఒక మెకానిక్ గొప్పతనం మీకు చెప్పాలంటే నా పరువు కొంత ఖర్చు పెట్టక తప్పదు. అది ఎట్లాగూ చాలా కాలంగా అమ్ముడుపోని సరుకే.

అరవైల మొదట్లో మాట. జహీరాబాదులో బొంబాయి రోడ్డు మీద మాది కిరాణా దుకాణం. మా ఇంట్లో పిల్లలు "అమ్మ", "అత్త" తర్వాత నేర్చుకునే మాట "ఎంతకిస్తవ్?". మా నాయిన బేరం ఆడకుండా ఒక్క వస్తువు కొన్న పాపాన పోలేదు. దవాఖానలో డాక్టరు మూడు సూదులు వెయ్యాలంటే, "రెండేసి చూద్దాం సాబ్, నచ్చితే మూడోది తీసుకుంటం" అన్న మనిషి. ఆయన నాకు నేర్పిన విద్యలన్నిట్లోకీ పెద్దది ఒకటుంది. బేరం తెగనప్పుడు వెనక్కి తిరిగి నడవాలి. మెల్లగా నడవాలి. పది అడుగులు దాటకముందే అవతలివాడు "అరే సేట్, ఇటు రాండ్రి!" అని పిలుస్తాడు. పిలవకపోవడం అనేది మా వంశంలో ఎవరికీ జరగలేదు.

అట్లాంటి నేను ఇరవై మూడేళ్ళ వయసులో ఒక పాత స్కూటర్ కొన్నాను. బదిలీ మీద పోతున్న ఒక ఆఫీసరు దగ్గర, సామాను లారీ ఎక్కుతుండగా, ఆయన గుమ్మంలో మూడు గంటలు కూర్చొని బేరమాడాను. చివరికి నన్ను వదిలించుకోవడానికి ఆయన స్కూటర్ తోపాటు చేతిగడియారం కూడా ఇచ్చేటట్టు కనిపించాడు.

ఇప్పటివాళ్ళకు ఒక ముక్క చెప్పాలి. ఆ స్కూటర్లకు గేర్లు చేతితో వేసేవాళ్ళం. ఎడమచేతి కింద క్లచ్చు నొక్కి పట్టి, పిడిని తిప్పాలి. పిడి మీద వరుసగా ఒకటి, న్యూట్రల్, రెండు, మూడు అని రాసి ఉండేది. ఆ పిడి నుంచి వెనక ఇంజను దాకా రెండు తీగలు పోతాయి. పిడి ఇటు తిప్పితే ఒక తీగ గుంజుతుంది, అటు తిప్పితే రెండోది గుంజుతుంది. ఇంతే శాస్త్రం. ఇంత చిన్న శాస్త్రంలో నేను ఎంత పెద్ద పాండిత్యం చూపించానో ఇక వినండి.

ఒక రోజు పొద్దున, దుకాణం తెరిచి స్కూటర్ తియ్యబోతే, ఫట్ మని ఒక గేరు తీగ తెగింది. అదృష్టవశాత్తు కరీం ఉస్తాద్ రేకుల షెడ్డు మా దుకాణానికి సరిగ్గా ఎదురుగా, రోడ్డు అవతలే. సన్నటి మనిషి, నెరిసిన గడ్డం, ఒక కాడ విరిగిన కళ్ళద్దాలను దారంతో చెవికి కట్టుకునేవాడు. బొంబాయి లారీలు ఇంకా ఊరి మలుపు తిరగకముందే ఆయన తల పైకెత్తి విని, ఏ పానా కావాలో చేతికి తీసుకునేవాడు. డ్రైవరు దిగి రోగం చెప్పేలోపల బానెట్ తెరుచుకొని ఉండేది. మాటలు మాత్రం బహు పిసినారిగా వాడేవాడు.

స్కూటర్ నెట్టుకుంటూ రోడ్డు దాటాను. ఉస్తాద్ చూశాడు.

"గేరు తీగ తెగింది సేట్. రెండు మార్చాలె. ఒకటి తెగిందంటే రెండోది గూడ ముసల్దయినట్టే."

ధర చెప్పాడు. న్యాయమైన ధరే. కాని న్యాయమైన ధరకు ఒప్పుకుంటే నేను మా నాయిన కొడుకునెట్లా అవుతాను?

"జర చూసి చెప్పు ఉస్తాద్."

"చూసే చెప్పిన."

"ఎదురుబొదురు దుకాన్లు మనవి. రోజు మొఖం చూసుకునేటోళ్ళం."

"మొఖం చూసుడు ఫుకట్ సేట్. పైసలు తీగలకే."

"సగానికి చేస్తవా?"

"ఏ సగం చెయ్యాలె? ఒక తీగేసి ఇడిచిపెట్టాల్నా?"

"పోనియ్, నీ మాట వద్దు, నా మాట వద్దు. నడుమ మాట చెప్పు."

"నాది ఒకటే మాట సేట్. ఒకటే ఉన్నదానికి నడుమ ఎక్కడుంటది?"

ఇక మా కులవిద్య బయటికి తీశాను. స్కూటర్ తిప్పుకొని వెనక్కి నడిచాను. రోడ్డు వెడల్పు ఇరవై అడుగులు. నేను దాన్ని దాటడానికి పట్టిన సేపట్లో కాలినడకన కోహీర్ పోయి రావచ్చు. రాని బర్రెకు దారి ఇస్తున్నట్టు ఒకచోట ఆగాను. ఆకాశంలో మబ్బు ఉందా అని చూశాను. చెప్పుకు లేని పట్టీ వంగి సర్దుకున్నాను. చెవులు మాత్రం రెండూ వీపు మీదే ఉన్నాయి. వెనక నుంచి వినబడిన శబ్దం ఒకటే. టంగ్, టంగ్, టంగ్. ఉస్తాద్ వేరే పనిలో పడ్డాడు.

గల్లాపెట్టె దగ్గర నాయిన ఇదంతా చూస్తూనే ఉన్నాడు.

"పిలిచిండా?"

"లే."

"ఎంతదూరం పోయినవ్?"

"ఇంటిదాక వచ్చిన."

నాయిన ఇంట్లో ఎవరో పోయినట్టు మొహం పెట్టాడు. తర్వాత అన్నాడు: "మళ్ల పోయి అడిగితే మన దుకాణం ఇజ్జత్ ఏముంటది? రెండు తీగలే గదరా. దినాము వందల పొట్లాలు కడ్తం మనం. సుతిలి కట్టే చేతులకు తీగె కట్టుడు ఒక పనా?"

ఈ తర్కం నాకు ఎంతో బలంగా తోచింది. పొట్లం కట్టేవాడికి స్కూటర్ కట్టడం రాదా! వెంటనే సైకిలు సామాన్ల సేటు దగ్గరికి పోయి, వెనక్కి రెండుసార్లు నడిచి, రెండుసార్లూ పిలిపించుకొని, తీగల జత కొన్నాను. పైగా ఆకులో ఇంత గ్రీజు కొసరు పట్టుకొచ్చాను. ఆ పిలుపులు విన్నాక నాకు ప్రాణం లేచొచ్చింది.

దుకాణం అరుగు ముందు స్కూటర్ నిలబెట్టి, మూత విప్పాను. పని తెలిసినవాడు ఒక తీగ లాగి, దాని స్థానంలో కొత్తది వేసి, ఆ తర్వాతే రెండోదాని జోలికి పోతాడట. నాకెవరు చెప్పారు? బస్తా మొత్తం గుమ్మరించి అప్పుడు తూకం వేసే వంశం మాది. రెండు తీగలూ ఒక్కసారే బయటికి లాగాను. అయితే మరీ తెలివి తక్కువవాణ్ణి కాదు, గుర్తు పెట్టుకున్నాను. కిరాణా దుకాణంలో గుర్తులకేం కొదవ? తీగలు పోయే ఒక గొట్టం రెండు చివర్లకూ పసుపు పూశాను, రెండో గొట్టానికి కుంకుమ పెట్టాను.

చింతపండు కోసం వచ్చినామె నిలబడి చూసింది. "అన్నా, స్కూటర్కు పేరంటం చేస్తున్నవా?"

"నీకు తెల్వది అక్కా, ఇది మిషన్ పని."

"మరి వాయనం ఎప్పుడిస్తవ్?"

తల వంచుకొని పనిలో మునిగాను. ఇంతలో నాయిన లోపల నుంచి, "అరేయ్, గలీజు గలీజున్నది, జర కడిగి పెట్టు" అన్నాడు. శుభ్రత మా దుకాణం ధర్మం. గొట్టాల మూతులన్నీ కిరసనాయిలు గుడ్డతో తళతళలాడేటట్టు తుడిచాను. తుడిచాక చూస్తే పసుపు లేదు, కుంకుమ లేదు. రెండూ ఆ గుడ్డలో కలిసిపోయి, అన్ని మూతులూ ఒకే నారింజ రంగులో నన్ను చూస్తున్నాయి.

ఆ క్షణంలో ఇంకొకడైతే కంగారుపడేవాడు. నేను వ్యాపారస్థుణ్ణి గనుక ఆలోచించాను. రెండూ తీగలే. రెండూ ఒకే పొడుగు. రెండూ ఒకే ధర. ఒక బస్తా బియ్యం రెండు డబ్బాల్లో పోస్తే ఏ డబ్బాలో ఏ బియ్యమని ఎవరన్నా అడుగుతారా? గ్రీజు పూసి, నచ్చిన తీగను నచ్చిన గొట్టంలో దూర్చి, స్క్రూలు బిగించాను. రోడ్డు అవతల ఉస్తాద్ కళ్ళద్దాల మీదుగా ఒక్కసారి చూసి తల దించుకున్నాడు. 'అసూయ' అనుకున్నాను.

ఆఖరి స్క్రూ బిగిస్తుండగా మా వీరప్ప మామ పరుగెత్తుకుంటూ వచ్చాడు. మా అమ్మకు తమ్ముడు, మొగుడంపల్లి దగ్గర చెరుకు పండిస్తాడు. ఒంటి మీద చొక్కా తడిసి ముద్దయి ఉంది.

"అల్లుడా, గానుగ ఇంజన్ బందయ్యింది!"

సంగతేమంటే, చెరుకు గానుగ ఇంజను ఆ చుట్టుపక్కల రైతులందరికీ కలిపి ఒకటే. వంతుల మీద ఊరూరా తిరిగేది. మామ వంతుకు ఆ రోజే ఆఖరు. తెల్లారితే ఎడ్లు కట్టి రాయికోడ్ వైపు లాక్కుపోతారు. చెరుకంతా కోసి కుప్ప పోశారు. సగం రసం తీసి కడాయి కింద మంట కూడా పెట్టారు. అప్పుడు ఇంజను ఒక్కసారి దగ్గి ఊరుకుంది.

"పొద్దు గూకేదాక నడ్వకుంటే తీసిన రసం పులుస్తది, కోసిన చెరుకు ఎండుతది. ఏడాదంత చేసిన కష్టం గంగల కలుస్తదిరా. బస్సు ఇంక పొద్దుమూకి గాని లేదు. ఉస్తాద్ను నీ స్కూటర్ మీద తీస్కపో. నేను ఏదన్న లారీ పట్టుకొని వస్త."

ఇదీ నా పరిస్థితి. పొద్దున ఎవరి ముందు దర్జాగా వెనుదిరిగానో, ఆయన ముందుకే పోయి నిలబడాలి. రోడ్డు దాటాను. ఈసారి ఇరవై అడుగులూ రెండే అంగల్లో అయిపోయాయి.

"ఉస్తాద్, మా మామ గానుగ..."

"విన్న సేట్." అప్పటికే పనిముట్ల సంచి భుజానికి వేసుకున్నాడు. మధ్యాహ్నం తినడానికి విప్పిన రొట్టె మళ్ళీ గుడ్డలో చుట్టేశాడు. "రసం ఆగదు. పాండ్రి."

ఒక్క ఎత్తిపొడుపు మాట లేదు. నేనైతే ఆ స్థానంలో కనీసం అరగంట ఎత్తిపొడిచేవాణ్ణి.

వెనక సీటు మీద కూర్చున్నాడు. పిడి న్యూట్రల్ మీదే ఉందని చూసుకొని కిక్కు కొట్టాను. స్కూటర్ మేకపోతులా ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది.

"కొత్త తీగలు," అన్నాను. "జర బిర్రుగుంటయ్."

"ఉంటయ్, ఉంటయ్."

క్లచ్చు నొక్కి పట్టి కిక్కు కొట్టాను. ఇంజను అందుకుంది. ఒకటికి తిప్పి క్లచ్చు వదిలాను. బండి చలిజ్వరం వచ్చినట్టు వణికి చచ్చింది. మళ్ళీ కొట్టాను, మళ్ళీ చచ్చింది. మూడోసారి బజారు మొత్తం పని మానుకొని నిలబడింది. చింతపండు ఆమె కూడా ఇంకా పోలేదు. చివరికి ఉన్న పెట్రోలంతా ఒకేసారి తాగించి, క్లచ్చును గోరంత గోరంత వదులుతూ, కాలిన వాసనలో, పెండ్లి ఊరేగింపు నడకన మేమిద్దరం ఊరు దాటాము.

ఊరు దాటాక వేగం అందుకుంది. అబ్బ, ఏమి జోరు! ఒకటో గేరులోనే ఇంత ఉరుకుతున్నదంటే ఇక పై గేర్లలో విమానమే అనుకున్నాను. ఉత్సాహంగా రెండుకు తిప్పాను. ఇంజను గొంతు చించుకొని అరిచింది. బండి మాత్రం మెల్లబడింది. భయపడి మూడుకు తిప్పాను. ఎవరో వెనక నుంచి తాడేసి లాగినట్టు స్కూటర్ భోరుమని ఏడుస్తూ కుంగిపోయింది. ఉస్తాద్ నుదురు నా వీపుకు కొట్టుకుంది.

"దెబ్బ తాకిందా ఉస్తాద్?"

"నాకు తాకలే సేట్. గేరు డబ్బాకు తాకింది."

బండి ఆగిపోయింది. చుట్టూ ఎర్రమట్టి చేన్లు, నెత్తిన ఎండ. ఎక్కడో కడాయిలో రసం చల్లారుతూ ఉంటుంది. ఉస్తాద్ కిందికి దిగలేదు. నా భుజం మీద చెయ్యి వేశాడు.

"సేట్, ఒక మాట వింటరా? నేను నంబర్ చెప్త. మీరు గది వెయ్యుండ్రి. ఎందుకని అడగద్దు. రసం ఆగదు."

"చెప్పు."

"మూడు."

"నిలబడ్డ బండికి మూడా!"

"అడగద్దంటి గద."

మూడు వేశాను. బండి వెన్న మీద జారినట్టు కదిలింది! నోరు తెరిచాను.

"ఇప్పుడు న్యూట్రల్."

"న్యూట్రల్ల ఎట్ల నడుస్తది ఉస్తాద్? ఆగిపోతది!"

"వెయ్యుండ్రి."

వేశాను. నడిచింది. నడవడం కాదు, హాయిగా సాగింది. న్యూట్రల్ లో! వ్యాపారస్థుడి బుర్ర ఊరుకుంటుందా? న్యూట్రల్ లో నడిచే బండికి పెట్రోలుతో పనేముంది? ఇట్లాగే నడిపితే నెలకు ఎంత మిగులుతుందో మనసులో గుణించుకోవడం మొదలుపెట్టాను.

"ఇప్పుడు ఒకటి," అన్నాడు ఉస్తాద్. బండి పిట్టలా ఎగిరింది. మొగుడంపల్లి ముందు ఒక ఎత్తు చడావు ఉంటుంది, ఎడ్లబండ్లు సైతం ఆగి ఊపిరి పీల్చుకునేది. "మూడు," అన్నాడు. ఇద్దరు మనుషులతో, మూడో గేరులో, నా స్కూటర్ ఆ చడావును ముసలమ్మ మెట్లెక్కినట్టు మెల్లగా, ఒక్కసారి కూడా ఆగకుండా ఎక్కేసింది.

ఇందులో ఏదో రహస్యం ఉందని నాకు అర్థమైంది. అయితే ఉస్తాద్ దగ్గర మంత్రమన్నా ఉండాలి, లేకపోతే నేను తీగలు బిగించిన తీరులో లోకానికి తెలియని ఒక కొత్త శాస్త్రమన్నా పుట్టి ఉండాలి. చాలాసేపు ఆలోచించి రెండోదే నిజమని తేల్చుకున్నాను.

"రెండు వేసి ఆగుండ్రి," అన్నాడు ఉస్తాద్. గానుగ వచ్చింది.

కూలీలంతా చెరుకు కుప్ప పక్కన చేతులు కట్టుకొని కూర్చున్నారు. కడాయి కింద మంట తగ్గించి పెట్టారు. ఉస్తాద్ నేరుగా ఇంజను దగ్గరికి పోయాడు. ముందు ఏమీ విప్పలేదు. నేనైతే ఈపాటికి అన్నీ విప్పి, అన్నిటికీ పసుపు పూసి ఉండేవాణ్ణి. ఆయన ఇంజను చుట్టూ ఒకసారి తిరిగాడు. జ్వరం చూసినట్టు అరచెయ్యి ఆనించాడు. చక్రం చేత్తో అర చుట్టు తిప్పి, పొడుగు స్క్రూడ్రైవరు ఒక కొన ఇంజనుకు, ఒక కొన చెవికి పెట్టి కళ్ళు మూసుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళం ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాం. కళ్ళు తెరిచి ఒకే ఒక ప్రశ్న అడిగాడు.

"డీజిల్ ఏ డబ్బల పోసి తెచ్చిన్రు?"

చెరుకు అందించే నర్సవ్వ ఒక డబ్బా చూపించింది. ఉస్తాద్ దాని అడుగున వేలు పెట్టి, నాలుకకు తగిలించుకొని, ఉమ్మేశాడు.

"తియ్యగున్నది."

ఆ డబ్బాలో ముందు రోజు రసం పట్టారట. ఆ రసం, ఇంత పిప్పి నలుసు డీజిల్ తోపాటు ఇంజను గొంతులోకి పోయాయి. డీజిల్ వడపోసే జల్లెడ విప్పి కడిగాడు, గొట్టం ఊదాడు, మంచి డీజిల్ పోయించాడు, ఒక నట్టు వదులు చేసి గాలి బుడగలు పోయేదాకా ఓపికగా చూసి బిగించాడు. ఇద్దరు కూలీలు హ్యాండిల్ తిప్పారు. డుగ్... డుగ్... డుగుడుగుడుగు! మంట మళ్ళీ పెంచారు. గానుగ కింద రసం ధార కట్టింది. అప్పుడే లారీ దిగి చేనుకు అడ్డంపడి వస్తున్న మామ ఆ శబ్దం విని ఉన్నచోటే కూలబడి రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. ఏడ్చాడో, చెమటో, నేను అడగలేదు.

అంత గొప్ప పని చేసిన ఉస్తాద్ ఒక మూలకు పోయి తన రొట్టె విప్పుకున్నాడు. ఏ గొప్ప పనీ చెయ్యని నేను మాత్రం కూలీల మధ్య నిలబడి ప్రసంగం అందుకున్నాను.

"మీరు చూడలే గని, నా స్కూటర్ చడావు మూడో గేర్ల ఎక్కింది. చదునుల న్యూట్రల్ల నడిచింది. తీగలు నేనే మార్చిన."

నర్సవ్వ చెరుకు గానుగలో పెడుతూనే అన్నది: "న్యూట్రల్ల నడిచేదానికి ఇంజనెందుకు కొడుకా? దించి మాకియ్యి. ఇది మల్ల బందయితే పెట్టుకుంటం."

అందరూ నవ్వారు. నేను ఉస్తాద్ వైపు తిరిగాను. "నువ్వన్న చెప్పు ఉస్తాద్! ఇదేం శాస్త్రమో!"

ఉస్తాద్ రొట్టె ముక్క మింగి, కుప్ప దగ్గర కట్టేసిన ఎడ్లను చూపించాడు.

"కుడిదిక్కు పగ్గం ఎడమదిక్కు, ఎడమదిక్కుది కుడిదిక్కు కడితే ఏమైతది సేట్? ఇటు గుంజితే అటు పోతది. మీ తీగలు గట్లనే పడ్డయి. మూడేస్తే ఒకటి పడ్తది, ఒకటేస్తే మూడు. న్యూట్రల్ అంటే రెండు, రెండంటే న్యూట్రల్."

నెలకు మిగలబోయే నా పెట్రోలంతా ఆ ఎర్రమట్టిలో ఇంకిపోయింది.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"మీరు కిక్కు కొడితే బండి దుంకింది గద, గప్పుడు."

"మరి గప్పుడే చెప్పద్దా!"

"చెప్తే మీరు ఊకుంటరా? బజార్లనే మల్ల విప్పుతరు. నేను చేస్తనంటే మల్ల బేరం చేస్తరు." ఒక గుక్క నీళ్ళు తాగాడు. "ఉల్టా ఉన్న బండిని ఎట్లనన్న నడపొచ్చు సేట్. పులిసిన రసాన్ని ఎవ్వడు సీద చెయ్యలేడు."

నేను చాలామంది పెద్దమనుషుల ఉపన్యాసాలు విన్నాను. ఇంత తక్కువ మాటల్లో నన్నింత పూర్తిగా తూకం వేసినవాడు ఇంకొకడు లేడు. తూకంలో మోసం లేదు. ఒక్క గింజ తక్కువ లేదు, ఎక్కువ లేదు.

ఒక కడాయి బెల్లం దిగేలోపల ఆయన స్కూటర్ వెనక రెండు స్క్రూలు వదులు చేసి, అటు తీగ ఇటు, ఇటు తీగ అటు మార్చి బిగించాడు. మామ ఇంజను పనికి ఆయన అడిగిన ధర మారు మాట్లాడకుండా ఇచ్చాడు. తర్వాత నా వంతు. నేను జేబులో చెయ్యి పెట్టి, "పొద్దున చెప్పినదంత తీస్కో ఉస్తాద్" అన్నాను.

"దీనికేం వద్దు. తీగలు మీవి, కష్టం మీది. నేను అటుది ఇటు పెట్టిన, గంతే."

"వద్దంటే ఎట్ల? పోనీ సగం తీస్కో."

"వద్దు."

"నా మాట వద్దు, నీ మాట వద్దు, నడుమ..."

"సేట్," అన్నాడు, "నాది ఒకటే మాట."

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నేను ధర పెంచడానికి బేరమాడాను. అందులోనూ ఓడిపోయాను. ఆయన ఆకులో వేడి బెల్లం ముద్ద ఒకటి మాత్రం తీసుకున్నాడు, అది కూడా నర్సవ్వ చేతి నుంచి.

కథ ఇక్కడితో ఆగి ఉంటే నేను గౌరవంగానే ఇల్లు చేరేవాణ్ణి. కాని తిరుగు ప్రయాణం ఒకటుంది కదా. పోయేటప్పుడు అన్ని మైళ్ళు తలకిందులుగా నడిపిన నా ఎడమచెయ్యి ఆ పాఠాన్ని బాగా కంఠస్థం పట్టింది. నా జీవితంలో ఏ చదువూ అంత తొందరగా ఒంటబట్టలేదు. బయలుదేరడానికి మూడు వేశాను, బండి చచ్చింది.

"ఒకటి సేట్. ఇప్పుడు ఒకటంటే ఒకటే."

దారి పొడుగునా ఆయన నంబర్లు చెప్తూ వచ్చాడు, నేను వేస్తూ వచ్చాను. ఎండ మెత్తబడే వేళకు జహీరాబాదు చేరాం. తన షెడ్డు ముందు ఉస్తాద్ దిగాడు. ఆయనకు వంగి సలాం చేశాను. మనస్ఫూర్తిగా చేశాను. తర్వాత ఒక్కణ్ణే స్కూటర్ తిప్పుకొని రోడ్డు దాటి మా దుకాణం ముందుకు వచ్చాను.

ఇక్కడ మీరు గమనించవలసిన విషయం, వెనక నంబర్లు చెప్పేవాడు లేడు.

ఆ మధ్యాహ్నం నాయిన కొత్త మిరపకాయలు దింపించాడు. గిరాకీకి కనబడాలని ఒక బస్తా మూతి విప్పి అరుగు కింద నిలబెట్టాడు. నేను దాని ముందుకు వచ్చి, బండి ఆపుదామని, అలవాటు కొద్దీ న్యూట్రల్ అనుకొని రెండు వేసి, నిశ్చింతగా క్లచ్చు వదిలేశాను.

స్కూటర్ కు నిజంగానే రెండో గేరు పడింది. మేమిద్దరం, అంటే నేనూ స్కూటరూ, ఒకే ఉరుకున మిరపకాయల బస్తాలోకి దిగాం. బస్తా పగిలింది. వెనక చక్రం ఇంకో నాలుగు చుట్లు తిరిగి, ఆ ఎండు మిరపకాయలను మెత్తగా దంచి, గాలిలోకి చల్లింది. తర్వాత జరిగిన సంభాషణ ఇట్లా ఉంది:

"అరేయ్... హాచ్! బ్రేకు... హాచ్! లేదారా?"

"ఉన్నది నాయి... హాచ్! యాదికి... హాచ్! రాలే!"

పక్క దుకాణాలు తుమ్మాయి. బొంబాయి పోయే లారీ ఒకటి ఆగి, డ్రైవరు స్టీరింగు మీద తల పెట్టి తుమ్మాడు. పచ్చిగడ్డి మోపుతో పోతున్న ఎద్దు కూడా తుమ్మింది. ఎద్దు తుమ్మడం నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

ఆ ఎర్ర మబ్బులో నుంచి భుజం మీది తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకొని కరీం ఉస్తాద్ రోడ్డు దాటి వచ్చాడు. నన్ను లేపి పక్కన కూర్చోబెట్టాడు. స్కూటర్ నిలబెట్టి, పిడి ఒకటికి తిప్పాడు, న్యూట్రల్ కు తిప్పాడు, రెండుకు, మూడుకు తిప్పాడు. వంగి తీగలు చూశాడు. లేచి, కళ్ళనీళ్ళు తుడుచుకొని, తన తీర్పు చెప్పాడు.

"బండి సీద ఉన్నది సేట్. మీ చెయ్యి ఉల్టా అయ్యింది. దానికేసే తీగలు నా దగ్గర దొరకయ్."

కాబట్టి పాఠకులారా, ముక్కు తుడుచుకొని, తూర్పు దిక్కుకు తిరిగి, ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇక మీద మా ఇంట్లో ఏ తీగ తెగినా, అది గేరు తీగైనా, కరెంటు తీగైనా, బట్టలారేసే తీగైనా, నా చేతులు వీపు వెనక కట్టుకొని పని తెలిసినవాణ్ణి పిలుస్తాను. ఆయన ఏ ధర చెప్తే ఆ ధరకు తలూపుతాను. తలూపే ముందు ఒకే ఒక్కసారి, అదీ చాలా మెల్లగా, "జర చూసి చెప్పు" అనే హక్కు మాత్రం అట్టిపెట్టుకుంటున్నాను.